86 వరదకు గీత ఉంది, కరోనాకు ఏముంది?

అయ్యా,

మా గోదావరి లంక గ్రామాల్లో 1986 వరద నీరు ఎంతవరకు వచ్చిందో పాత ఇళ్ల గోడల మీద ఇప్పటికీ చూపిస్తారు. 1996 నవంబరు తుఫానుకు ఎవరి తోటలో ఎన్ని కొబ్బరిచెట్లు కూలాయో వేళ్ల మీద లెక్కచెప్పే పెద్దలున్నారు. నిన్నగాక మొన్న వచ్చిన కరోనా గురించి మాత్రం మా పంచాయతీలో ఒక్క కాగితం లేదు. ఆ రెండేళ్లు జనం ఎలా బతికారో ఎవరూ రాసిపెట్టలేదు.

నేనడిగేది ఆసుపత్రి లెక్కలు కాదు. 2020 మార్చి 25న లాక్‌డౌన్ వచ్చేసరికి దాళ్వా (రెండో పంట) చేలు కోతకు దగ్గరపడుతున్నాయి. ఊరి మొగలో తాటిదుంగలు, ముళ్లకంపలు అడ్డం వేసి, పుట్టింటికి వచ్చిన ఆడపడుచునే పొలిమేరలో నిలబెట్టారు. శ్రీరామనవమికి పందిరి లేదు, ఎవరింట్లో వాళ్లే పానకం కలుపుకున్నారు. పెళ్లిళ్లు ఆగిపోయి కడియం వైపు రైతులు కోసిన పూలు పారబోసుకున్నారు. అదే ఏడాది ఆగస్టులో గోదావరి పొంగి ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. దూరం దూరంగా ఉండమని ఒకపక్క మైకులో చెబుతుంటే, ఇంకోపక్క పిల్లాజెల్లా ఒకే పడవలో ఎక్కాల్సిన పరిస్థితి. ఆ టెన్షన్ ఏ నివేదికలో దొరుకుతుంది?

2021 మే నెల తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ. మా వీధిలో ఒకాయన పోతే పాడె మోయడానికి నలుగురు దొరకడం కష్టమైంది. కువైట్‌లో ఇంటిపని చేసుకునే ఆయన కూతురు తండ్రి దహనాన్ని ఫోనులో చూసింది. పెద్దకర్మకు భోజనాలు లేవు, బంధువులు లేరు. ఆయనకు టెస్టు చేయలేదు కాబట్టి కరోనా మృతుల్లో పేరు లేదు, ఆ కుటుంబానికి 50 వేల రూపాయల పరిహారమూ రాలేదు.

ఇలాంటివారు దేశమంతటా ఎందరో. 2020, 2021 సంవత్సరాల్లో భారతదేశంలో అదనంగా 47 లక్షల మరణాలు జరిగి ఉంటాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. మన ప్రభుత్వం ఆ అంచనాను ఒప్పుకోలేదు. అంకెల తగవు ఢిల్లీలో ఎప్పటికి తేలుతుందో గానీ, ఊళ్లో ఎవరు పోయారో ఊరికి తెలుసు. ఇంటివాళ్లు సమ్మతిస్తే ఆ పేర్లు రాసుకోవడానికి ఏం అడ్డం?

మా ఆశా వర్కరు దగ్గర ఒక పొడుగు నోటుపుస్తకం ఉంది. ఇంటి నంబరు, జ్వరం, ఆక్సిజన్ శాతం గళ్లుగీసి రాసుకుంది. వెనక పేజీల్లో ఎవరింటికి పాలు ఇప్పించాలో, ఏ ముసలామెకు బీపీ మాత్రలు అయిపోయాయో పెన్సిలుతో రాసి ఉంది. కొన్నిచోట్ల చెమటకు అక్షరాలు అలుక్కుపోయాయి. నా దృష్టిలో మా ఊరి కరోనా చరిత్ర అదే. దాన్ని ఆమె ఇంట్లో బియ్యం డబ్బా పక్కన పెట్టుకుంది. చెదలు పడితే అంతే సంగతులు.

అయిపోయిన బాధను మళ్లీ కెలకడమెందుకని కొందరంటారు. 1918 ఇన్‌ఫ్లూయెంజా మన దేశంలో కోటిమందికి పైగా ప్రాణాలు తీసింది. అప్పుడు మన ఊళ్లలో ఏం జరిగిందో మా తాతల నోట కూడా నేను వినలేదు. మన మనవలకు అలా కాకూడదు.

జిల్లా గ్రంథాలయ సంస్థ వారికి నా మనవి: ప్రతి శాఖా గ్రంథాలయంలో ఒక బీరువా కేటాయించండి. ఆశా వర్కర్లు, ఏఎన్ఎంలు, అప్పటి గ్రామ వలంటీర్ల దగ్గరున్న సొంత నోటుపుస్తకాలు, ఇళ్లలోని డైరీలు, ఫొటోలు సేకరించండి. ఎవరి జబ్బు వివరాలూ వారి అనుమతి లేకుండా బయటపెట్టకండి. హైస్కూలు పిల్లలచేత పెద్దల మాటలు రాయించే పనికి రిటైరైన మాబోటి టీచర్లం జీతం లేకుండా వస్తాం. వచ్చే గ్రామసభలో మా ఊరి తీర్మానం నేనే ప్రతిపాదిస్తాను. నోటుపుస్తకం ఇవ్వడానికి మా ఆశా వర్కరు ఇప్పటికే ఒప్పుకుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పి.గన్నవరం మండలం, కోనసీమ జిల్లా