ఫార్మాట్ అంటే ఆగు

హనుమకొండ,
ఆదివారం రాత్రి

అరేయ్ శీనూ,

నిన్న ఫోన్‌లో నీ మాట సగం వినబడింది, సగం వానలో కొట్టుకుపోయింది. అందుకే కూర్చుని రాస్తున్నా. నువ్వు పంపిన ఫోటోలోనేమో స్క్రీన్ కన్నా నీ బొటనవేలే ఎక్కువ కనబడుతోంది.

ముందు నీ సీ డ్రైవ్ సంగతి. సీని పెంచుదామని డీ డ్రైవ్ తీసేశావు, 100 జీబీ ఖాళీ అయింది, అయినా సీని పెంచే 'ఎక్స్‌టెండ్ వాల్యూమ్' నొక్కడానికి లేకుండా బూడిద రంగులోనే ఉంది. అంతేగా? డిస్క్‌లోని భాగాలను గడులుగా చూపించే విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కింది వరుస చూడు. సీ గడికీ, నల్ల పట్టీ ఉన్న ఖాళీ గడికీ మధ్య ఐదారు వందల ఎంబీల చిన్న గడి ఒకటి ఉండే ఉంటుంది. అది రికవరీ పార్టిషన్, విండోస్ పాడైతే బాగుచేసుకోవడానికి ఉంచుకున్న భాగం. సీకి ఆనుకుని కుడిపక్కన ఉన్న జాగనే విండోస్ కలుపుతుంది, దాటి పోదు. మీ బాపు చెలక గుర్తుందా? నడుమ పాలోళ్ల మడి ఉండబట్టి రెండు ముక్కలూ ఒక్కటి కాలేదు. అచ్చం అదే కథ. ఆ గడిని తీసేయొచ్చు గానీ ముందు రికవరీని ఆపాలి, అదో తతంగం. నన్నడిగితే ఆ ఖాళీలో మళ్లీ డీనే చేసుకుని ఫోటోలు అందులో పెట్టుకో. సీ పెంచి ఏం చేస్తావు?

పెన్‌డ్రైవ్‌లో జాగ ఉన్నా పెళ్లి వీడియో 'ఫైల్ పెద్దది' అని ఎక్కట్లేదన్నావు. అది ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫైళ్లు సర్దుకుంటోంది, ఒక్క ఫైలు 4 జీబీ దాటితే తీసుకోదు. లోపలున్నవి వేరేచోట దాచుకుని ఆ హద్దు లేని ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ కొట్టు. ఫార్మాట్ మాట నేను చెప్పేది ఈ ఒక్కచోటే.

ఎందుకంటే పోయిన నెల నాకు చెమటలు పట్టాయి. నర్సంపేట పెళ్లి ఆల్బమ్ సగంలో ఉండగా కరెంటు పోయింది. వచ్చాక చూస్తే డిస్క్ తెరుచుకోదు, 'వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటావా?' అంటుంది. వేలు ఎంటర్ మీదే ఉంది రా! 931 జీబీ చూపించే డిస్కు మీద ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైళ్లు సర్దే పద్ధతి) పోయి 'రా' (RAW) అని పడింది, అంటే ఫైళ్లెలా సర్ది ఉన్నాయో విండోస్‌కు అర్థం కాలేదన్నమాట. డిస్క్ తప్పులు సరిచేసే చెక్‌డిస్క్ నడిపితే 'రా' డ్రైవ్‌కు పని చేయనంది. కేబుల్ మార్చా, పోర్టు మార్చా, అదే పాట. డిస్క్ ఆరోగ్యం చెప్పే క్రిస్టల్‌డిస్క్ఇన్ఫోలో చూస్తే పసుపు రంగు, అంటే జాగ్రత్త అని. పెండింగ్ సెక్టార్లు, అంటే డిస్క్ సరిగా చదవలేక తర్వాత తేల్చుదామని గుర్తు పెట్టుకున్న చిన్న చిన్న ముక్కలు, పదిహేడు! ఇక దాన్ని కదిలిస్తే ఉన్నది కూడా పోతుందని భయమేసింది.

కొత్త డిస్క్ కొని, లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, పాడైన డిస్క్‌లను కూడా కాపీ చేసే డీడీరెస్క్యూతో పాతదాన్ని ఉన్నదున్నట్టు కాపీకి పెట్టా. రాత్రంతా నడిచింది. నేను మధ్యమధ్యలో లేచి అంకెలు చూడడం, మీ వదిన తిట్టడం. పొద్దున ఆ కాపీ మీద, పోయిన పార్టిషన్లను బాగుచేసే టెస్ట్‌డిస్క్ నడిపా. పాతదాన్ని ముట్టలేదు. 'బూట్ సెక్టార్: బ్యాడ్', దాని కింద 'బ్యాకప్ బూట్ సెక్టార్: ఓకే' అని వచ్చింది. బూట్ సెక్టార్ అంటే పార్టిషన్ వివరాలుండే మొదటి సెక్టార్, ఎన్‌టీఎఫ్‌ఎస్ దానికి నకలు ఒకటి పార్టిషన్ చివర దాచుకుంటుందట, నాకు ఆ రోజే తెలిసింది. ఆ నకలును ముందుకు రాయించి డిస్క్ తీసి పెడితే ఫోల్డర్లన్నీ వరసగా వచ్చి కూర్చున్నాయి. ముందు అప్పగింతల ఫోటోలే తెరిచా, పెళ్లికూతురు అమ్మ ఏడుస్తున్నది చూసి నాకూ కళ్లు తడయ్యాయి. ఇద్దరి కారణాలూ వేరనుకో. రెండు మూడు ఫోటోలు సగం వరకు బూడిద రంగుకు తిరిగాయి, అవి హల్దీవి. వాళ్లకు ఇంకా చెప్పలేదు.

పాత డిస్క్ బీరువాలో పడేశా, దాని మీద 'ముట్టొద్దు' అని రాసి.

ఇక నువ్వు చేయాల్సింది ఒకటే. ఆ కింది వరుస మొత్తం కనబడేట్టు ఇంకో ఫోటో తీసి పంపు. ఈసారి బొటనవేలు పక్కకు జరుపు.

నీ,
సదా