మాత్రలు సిద్ధమే, అందించే వ్యవస్థ ఏది?

సంపాదకుడికి,

అమెరికా విదేశాంగ విధానం అనగానే మన పత్రికల్లో కనిపించేవి హెచ్-1బి వీసాలు, సుంకాలు, రొయ్యల ఎగుమతులు. మనవాళ్ల బతుకుతెరువు వాటితో ముడిపడి ఉంది కాబట్టి రాయవలసిందే. కానీ అదే విధానంలో లక్షల ప్రాణాలకు సంబంధించిన మరో మార్పు జరిగింది. అందులో హైదరాబాద్‌కు నేరుగా భాగం ఉన్నా, దాని మీద తగినంత చర్చ నాకు కనిపించలేదు.

2025 జనవరి 20న, ట్రంప్ రెండోసారి పదవి చేపట్టిన రోజే, విదేశీ సహాయాన్ని 90 రోజులు నిలిపివేస్తూ ఒక ఉత్తర్వు, ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచి వైదొలగుతున్నామంటూ మరొకటి వెలువడ్డాయి. 1961లో కెనెడీ హయాంలో మొదలైన, అమెరికా విదేశీ సహాయాన్ని నడిపే యూఎస్‌ఎయిడ్ సంస్థ ఆ జులైకల్లా మూతపడింది. మిగిలిన కొద్దిపాటి పనులు విదేశాంగ శాఖ చేతికి వెళ్లాయి. ఆరోగ్య సంస్థలో చేరేటప్పుడు, వెళ్లిపోవాలంటే ఏడాది ముందు చెప్పి, ఆ ఏడాది చందా పూర్తిగా కట్టాలని 1948లో అమెరికా కాంగ్రెస్ తానే తీర్మానించుకుంది. 2026 జనవరి 22న అమెరికా బయటికి వచ్చేసింది. బకాయిలు మాత్రం అలాగే ఉన్నాయి.

నేను హైదరాబాద్ శివార్లలోని ఒక మందుల కర్మాగారంలో, నాణ్యత విభాగంలో పనిచేసి విరమించాను. హెచ్‌ఐవీ మాత్రలు మా కళ్ల ముందే తయారయ్యేవి. తెల్లటి ప్లాస్టిక్ సీసా, లోపల తేమ పీల్చే చిన్న పొట్లం, 90 మాత్రలు. ఒక్కో మాత్రలో మూడు మందులు, రోజుకొకటి చొప్పున మూడు నెలలకు సరిపోతాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తనిఖీ అధికారులు వచ్చినప్పుడు రిజిస్టర్‌లో ఒక్క అంకె కొట్టివేసి ఉన్నా, ఎవరు దిద్దారు, ఎందుకు దిద్దారు, పక్కన సంతకం, తేదీ ఏవి అని నిలదీసేవారు. ఆఫ్రికాలో మందు వాడే మనిషికి అమెరికా రోగికి ఇచ్చే నాణ్యతే ఇవ్వాలన్న ఆ పట్టుదల నాకు ఎంతో గౌరవం కలిగించింది. పేద దేశాల్లో హెచ్‌ఐవీ చికిత్స కోసం 2003లో అధ్యక్షుడు బుష్ ప్రారంభించిన పెప్‌ఫార్ పథకం ఆ పట్టుదలతోనే నడిచింది. దాని వల్ల 2.5 కోట్ల ప్రాణాలు నిలిచాయని అమెరికా ప్రభుత్వమే లెక్కగట్టింది. ఒకప్పుడు ఏడాదికి 10 వేల డాలర్లు దాటిన చికిత్స ఇవాళ 40 డాలర్లలోపే దొరుకుతోందంటే, భారతీయ కంపెనీల తయారీ, అమెరికా వంటి దాతల డబ్బు, ఆరోగ్య సంస్థ ప్రమాణాలు కలిసి పనిచేయడమే కారణం.

2025 తొలి నెలల్లో తెగింది ఆ బంధమే. మందు గోదాములో ఉన్నా, దాన్ని రోగికి చేర్చే నర్సుకు, రక్తపరీక్ష చేసే టెక్నీషియన్‌కు జీతం ఆగిపోయింది. దక్షిణాఫ్రికాలో అమెరికా నిధులతో నడిచిన క్లినిక్‌లు తలుపులు మూశాయి. తర్వాత చికిత్సకు మినహాయింపు ఇచ్చారు. వ్యాధి సోకకుండా ముందే వాడే మందులను మాత్రం గర్భిణులకు, బాలింతలకే పరిమితం చేశారు. మాత్ర ఆగితే కొద్ది వారాల్లోనే వైరస్ మళ్లీ పుంజుకుంటుంది. ఉత్తర్వు రాసినవారికి ఇది తెలియదని నేను అనుకోను.

ఆరోగ్య సంస్థ తప్పులు చేయలేదని నేను అనడం లేదు. కోవిడ్ తొలి వారాల్లో చైనాను గట్టిగా అడగలేకపోయింది. పేద దేశాలు తమ ఆరోగ్య ఖర్చు తాము భరించే స్థితికి రావాలన్నదీ న్యాయమైన మాటే. అందుకు ఐదేళ్లో పదేళ్లో గడువు పెట్టి, దశలవారీగా బాధ్యత అప్పగించవచ్చు. ఇప్పుడు అమెరికా ఆరోగ్య సహాయంపై ఒక్కో దేశంతో విడివిడిగా ఒప్పందాలు చేసుకుంటోంది. 2025 డిసెంబరులో కెన్యా మొదట సంతకం చేసింది. రోగుల సమాచారం పంచుకునే భాగాన్ని ఆ దేశ హైకోర్టు వెంటనే నిలిపివేసింది. బలవంతుడి ఎదుట ఒంటరిగా కూర్చున్న దేశానికి బేరమాడే శక్తి ఎంత ఉంటుంది? 2025 మేలో 124 దేశాలు ఓటు వేసి మహమ్మారులను కలిసి ఎదుర్కొనే ఆరోగ్య సంస్థ ఒప్పందాన్ని ఆమోదించినప్పుడు అమెరికా ఆ చర్చల్లోనే లేదు.

ఇక మన సంగతి. హెచ్‌ఐవీ సోకకుండా ఆరు నెలలకోసారి వేసుకునే లెనకాపవిర్ ఇంజెక్షన్ అమెరికాలో ఏడాదికి 28 వేల డాలర్ల పైమాటే. దాని జెనరిక్‌ను 2027 నుంచి పేద, మధ్యాదాయ దేశాలకు ఏడాదికి సుమారు 40 డాలర్లకే అందించేందుకు కుదిరిన ఒప్పందాల్లో ఉన్న రెండు కంపెనీలు, డాక్టర్ రెడ్డీస్, హెటెరో, హైదరాబాద్‌వే. ఇంత తయారీ శక్తి ఉన్న దేశం ఆరోగ్య సంస్థకు కట్టే తప్పనిసరి చందాలో వాటా ఒక శాతం చుట్టుపక్కలే. అమెరికా వాటా 22 శాతం ఉండేది.

ఆ లోటంతా పూడ్చడం భారత్ వల్ల కాదు. అయినా స్వచ్ఛందంగా ఇచ్చే నిధులు పెంచడం, ఆఫ్రికా దేశాలకు ప్రకటించే సహాయంలో ఈ మందుల కొనుగోలుకు కొంత విడిగా కేటాయించడం, ఏటా మేలో జెనీవాలో జరిగే ఆరోగ్య సంస్థ సభ్యదేశాల సభలో ఆ మాట తేదీలతో సహా ప్రకటించడం మన చేతిలో ఉన్న పనులే. తెలుగు రాష్ట్రాల ఎంపీలు పార్లమెంటులో ఆరోగ్య మంత్రిని ఈ ప్రశ్న అడగాలి. వాళ్లు అడిగేదాకా మీ పత్రిక కూడా అడుగుతూనే ఉండాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఔషధ పరిశ్రమ ఉద్యోగి, హైదరాబాద్