మూడు లైఫ్‌లతో ఆడు

కావలి,
ఆదివారం మధ్యాహ్నం

చిన్నోడా,

మొన్న నువ్వు ఫోన్లో అన్న మాట ఇంకా నా మనసులోనే తిరుగుతోంది. "నువ్వు అంత గొప్పగా చెప్పావని ఆ పాత వీడియోగేమ్ కాంట్రా ఆడానమ్మా, అరగంటలో అయిపోయింది, అందులో ఏముంది?" అన్నావు. ఎట్లా ఆడావని అడిగితే, బటన్లు ఒక వరసలో నొక్కితే మూడుకి బదులు ముప్పై లైఫ్‌లొచ్చే కోడ్ కొట్టానన్నావు. ఫోన్లో సరిగ్గా చెప్పలేక కూర్చుని రాస్తున్నా.

నువ్వు ఆడింది కాంట్రా కాదురా. అందులో ఒక్క తూటా తగిలినా చావే, చేతిలో ఉండేది మూడే లైఫ్‌లు. అందుకే అడుగు వేసే ముందు చూసుకోవాలి. ముప్పై ఉంటే చూసుకునే పనే లేదు, పరిగెత్తుకుంటూ పోవచ్చు. మొదటి స్టేజీలో నీళ్ళుంటాయి కదా, అందులోకి దిగి కింది బటన్ నొక్కితే మనిషి మునుగుతాడని గమనించావా? మునిగినంతసేపు తూటా తగలదు, మనమూ కాల్చలేం. పైనుంచి తూటా దాటిపోయిందాకా ఆగి, లేచి, కాల్చి, మళ్ళీ మునగాలి. మాకు అది ఎవరూ చెప్పలేదు. ఆఖరి లైఫ్ మీదున్నప్పుడు భయంతో కింది బటన్ నొక్కితే తెలిసింది.

అది 1996 ఎండాకాలం. తాతయ్య మద్రాసు బర్మాబజారు నుంచి వీడియోగేమ్ తెచ్చారు. నాకు పదమూడు, మీ మామయ్యకి ఎనిమిది. క్యాసెట్ సరిగ్గా పడకపోతే తీసి, నోటితో ఊది, మళ్ళీ పెట్టేవాళ్ళం. మధ్యాహ్నం అమ్మమ్మ ముంజలు వలిచి పెడుతుంటే ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో రిమోట్ పట్టుకునేవాళ్ళం. అయిదో స్టేజీ దాకా వచ్చాక కరెంటు పోయేది. సేవ్ అనేది లేదు కాబట్టి, కరెంటు వచ్చాక మళ్ళీ అడవి నుంచే మొదలు. ఇది నిజంగా లోపమే, నేను వెనకేసుకురాను.

కథేమిటో మాకు తెలీదు. ఆట తయారుచేసిన జపాన్ వాళ్ళ కథ ప్రకారం అది 2633వ సంవత్సరం. న్యూజిలాండ్ దగ్గరి దీవుల్లో రెడ్ ఫాల్కన్ అనే ముఠా చేరితే, బిల్, లాన్స్ అనే ఇద్దరు సైనికులు వెళ్తారు. కథ తెలీకపోయినా భయం మాత్రం అర్థమయ్యేది. మొదట్లో అడవి, తుపాకులు, ఇనుప గోడలు. చివరి స్టేజీకొచ్చేసరికి గోడలే మాంసంలా ఉంటాయి, ఆఖరున కొట్టుకుంటున్న గుండెని కాల్చాలి. మామయ్య అక్కడ కళ్ళు మూసుకునేవాడు. ఒక్క మాట రాయకుండా అంత చెప్పారు చూడు. రేపు ఆటలు తయారుచేస్తానంటున్నావు కదా, అది పట్టుకో.

తుపాకుల దగ్గర మాత్రం తూకం తప్పారు. ఎస్ అనే అక్షరమున్న తుపాకీ దొరికితే అయిదు తూటాలు విసనకర్రలా విచ్చుకుంటాయి, ఇక మిగతావేవీ దాని ముందు పనికిరావు. ఎల్, అంటే లేజర్ తుపాకీ అయితే మరీ ఘోరం, మొదటి కిరణం వెళ్తుండగా మళ్ళీ నొక్కితే అది మాయమై కొత్తది మొదలవుతుంది. మేము ఎస్ చేతిలో ఉంటే, ఎల్ ఎదురొచ్చినప్పుడు శత్రువుని చూసినట్టు దూకి తప్పుకునేవాళ్ళం. బహుమతిని చూసి పారిపోయేలా చేయకూడదు కదా. పైగా చచ్చిపోతే ఎస్ కూడా పోతుంది, మామూలు తుపాకీతో కష్టమైన చోట నిలబడాలి. మన మనిషిని వెనకనుంచి చూపించే ఆ రెండు కోట స్టేజీలు నాకెప్పుడూ నచ్చలేదు, గది తర్వాత గది, అన్నీ ఒకటే.

నువ్వు కొట్టిన కోడ్ ఎక్కడిదో తెలుసా? కజుహిసా హషిమొటో అనే ఆయన 1986లో గ్రేడియస్ అనే ఆటని ఇంటి వీడియోగేమ్ మెషీన్‌కి మారుస్తూ, పరీక్షించడానికి అది తనకే మరీ కష్టంగా ఉండి పెట్టుకున్నది. తర్వాత కాంట్రాకీ పెట్టారు. ఆయన 2020లో పోయారు. అది పని కోసం పెట్టుకున్న నిచ్చెన నాన్నా, ఆట కాదు.

జలపాతం గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం రాసి లాభం లేదు. మూడో స్టేజీలో ఇద్దరూ పైకి ఎక్కాలి. ఒకరు ఎక్కితే తెర పైకి జరుగుతుంది, కింద మిగిలినవాళ్ళు తెర కిందికి జారి చచ్చిపోతారు. తూటా తగలదు, తప్పు చేయరు, అయినా చావే. నేను గబగబా ఎక్కేదాన్ని. మామయ్య "అక్కా, ఆగు, ఆగు" అని అరుస్తూనే చచ్చిపోయేవాడు. ఒకరోజు రిమోట్ నేలకేసి కొట్టి, అమ్మమ్మ కొంగు పట్టుకుని ఏడ్చాడు. అది ఆట చేసిన అన్యాయమే, ఇప్పటికీ అదే అంటాను. కానీ మరుసటి రోజు నుంచి నేను ప్రతి రాయి దగ్గరా ఆగి, "వచ్చావా?" అని అడిగి, వాడు "ఆఁ" అన్నాకే ఎగిరేదాన్ని. ఆ ఎండాకాలం సెలవుల ఆఖర్లో ఇద్దరం కోడ్ లేకుండా ఆ గుండెని పేల్చాం.

జపాన్ క్యాసెట్ రకం దొరికితే అది ఆడు. మంచు స్టేజీలో నిజంగానే మంచు కురుస్తుంది, అడవిలో చెట్లు ఊగుతాయి. బయటి దేశాలకి పంపినదాంట్లో అవి లేవు.

దసరాకి వచ్చేటప్పుడు రెండు రిమోట్లూ తీసుకురా. మామయ్య ఒంగోలు నుంచి వస్తానన్నాడు. మూడు లైఫ్‌లే. జలపాతం దగ్గర నేను "వచ్చా" అన్నాకే ఎగురు, ఇప్పుడు నా వేళ్ళు నెమ్మదించాయి.

అమ్మ