పగలగొట్టించే ముందు కారణం తేల్చుకోండి

సంపాదకులకు నమస్కారం.

వేసవిలో బాగుచేయించిన ఇల్లు దసరాకల్లా పెచ్చులూడటం గోదావరి జిల్లాల్లో ఏటా చూస్తున్నదే. ఇంటివాళ్లు మేస్త్రీని తప్పుపడతారు, మేస్త్రీ ఇసుకను, నీళ్లను తప్పుపడతాడు. కొన్నాళ్లు ఫోన్లలో వాదించుకుని, చివరికి విసిగిపోయిన ఇంటివాళ్లు ఇంకో మేస్త్రీని పిలిచి గోడ చెక్కించి మళ్లీ పూయిస్తారు. మొదటి కాంట్రాక్టరు బాధ్యతను నిరూపించే సాక్ష్యమంతా ఆ రోజే చెత్త ట్రాక్టరులో వెళ్లిపోతుంది. కారణం తేలేదాకా చెడిన పనిని ముట్టుకోవద్దని చెప్పడానికే ఈ లేఖ.

డెల్టాలో భూమిలో నీరు బాగా పైనే ఉంటుంది. పాత మండువా ఇళ్ల గోడలు ఇటుక, గానుగ సున్నంతో కట్టినవి. చాలావాటికి పునాది మీద చెమ్మను ఆపే కాంక్రీటు పట్టీ ఉండదు. గోడ పీల్చిన చెమ్మ సున్నపు పూతలోంచి ఆవిరైపోయేది కాబట్టి ఇబ్బంది ఉండేది కాదు. అలాంటి గోడకు సిమెంటు ప్లాస్టరింగ్ చేసి, పుట్టీ పెట్టి, 4 అడుగుల ఎత్తు టైల్స్ అంటిస్తే చెమ్మకు దారి మూసుకుపోతుంది. అది టైల్స్ దాటి ఎక్కి పైన ఉప్పు పొడిగా రాలుతుంది. ఎంత మంచి ఇసుక వాడినా ఇది ఆగదు. ఆ గోడకు ఆ పని పనికిరాదని ముందే చెప్పాల్సింది పని తెలిసిన కాంట్రాక్టరే.

మచ్చ తీరును బట్టి కారణం చాలావరకు తెలుస్తుంది. ఇంట్లో గోడలన్నిటికీ నేల నుంచి ఒకే ఎత్తులో గీత గీసినట్టు చెమ్మ ఉంటే అది భూమి నుంచి ఎక్కుతున్నది. ఒకే చోట గుండ్రంగా మచ్చ పెరుగుతుంటే పైపు లీకేజీ అనుమానించాలి. కొత్తగా పూసిన మేర అంతటా, పై భాగంలో కూడా, తెల్లగా ఉప్పు పూస్తుంటే ఇసుకలోనో కలిపిన నీళ్లలోనో ఉప్పుంది. తీరం వైపు ఊళ్లలో, రొయ్యల చెరువుల పక్కన బోరు నీళ్లను పరీక్ష చేయించకుండా స్లాబుకు వాడకూడదు. ఇనుము ఉండే కాంక్రీటుకు కలిపే నీళ్లలో క్లోరైడ్లు (ఉప్పు లవణాలు) లీటరుకు 500 మిల్లీగ్రాములు మించరాదని కాంక్రీటు పనులకు భారత ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతోంది. మించితే లోపలి ఊచలు తుప్పుపట్టి ఉబ్బి, స్లాబు అడుగు ఊడి పడుతుంది.

బాత్రూం కారుతుంటే రెండు పరీక్షలు విడివిడిగా చేయాలి. ముందు కుళాయిలన్నీ కట్టేసి, మోటారు వేయకుండా, రాత్రి ట్యాంకులో నీటిమట్టం గుర్తుపెట్టండి. తెల్లారేసరికి తగ్గితే లోపం పైపుల్లో ఉంది. తర్వాత నేల మీది జాలీని గుడ్డతో బిగించి, 2 అంగుళాల నీళ్లు నిలబెట్టి, 24 గంటలు చూడండి. అప్పుడు కింది గది సీలింగు తడిస్తే వాటర్‌ప్రూఫింగో, జాలీ దగ్గరి అతుకో సరిగా లేదు. టైల్స్‌ను నాణెంతో తట్టితే డొల్ల శబ్దం వస్తుంటే వాటిని సుద్దతో గుర్తుపెట్టి ఫొటో తీయండి. విట్రిఫైడ్ టైల్ నీళ్లు దాదాపు పీల్చదు, అందుకే ఉత్త సిమెంటు పాలకు పట్టుకోదు. దానికి టైల్ గమ్ము వాడాలి.

బాధ్యత ఒప్పందాన్ని బట్టి మారుతుంది. మెటీరియల్‌తో సహా ఒప్పుకున్నవాడు ఇసుక మీద నెపం వేయలేడు. లేబరు కాంట్రాక్టైతే ఇసుక తెచ్చిన ఇంటివాళ్లకూ భాగం ఉంటుంది. క్యూరింగ్ (పూత గట్టిపడేదాకా నీళ్లతో తడపడం) తామే చూసుకుంటామని చెప్పి, ప్లాస్టరింగ్‌ను కనీసం 7 రోజులు తడపకపోతే ఆ పగుళ్లకు మేస్త్రీని నిలదీయడం న్యాయం కాదు. ఈ మాట ఇంటివాళ్లకు రుచించకపోవచ్చు, కానీ వివాదం వినియోగదారుల కమిషన్‌కు వెళితే ఎదుటివాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే.

కారణం తేలాక లోపాల జాబితా, చెల్లించిన డబ్బు, 15 రోజుల్లో సరిచేయాలన్న కోరిక రాసి స్పీడ్ పోస్టులో పంపండి, అదే వాట్సాప్‌లోనూ పెట్టండి. కవరు తీసుకోక వెనక్కి వస్తే విప్పకుండా దాచండి. సరిచేసే అవకాశం ఒకసారి ఇవ్వడం ముఖ్యం. రాకపోతే అనుభవమున్న సివిల్ ఇంజినీరుతో కారణం స్పష్టంగా రాసిన రిపోర్టు, ఇంకో కాంట్రాక్టరు నుంచి చదరపు అడుగుల లెక్కతో అంచనా తీసుకోండి. కొట్టడం, చెత్త ఎత్తడం, సామాను, కూలి విడివిడిగా ఉండాలి. వర్షం నీళ్లు ఇంట్లోకి వస్తుంటే మాత్రం ఆగనక్కర్లేదు. ఫొటోలు, వీడియో తీసి, ఊడిన పెచ్చులు కొన్ని సంచిలో దాచి, తాత్కాలికంగా ఆపుకోవచ్చు.

స్థిరాస్తి వ్యాపారాన్ని నియంత్రించే సంస్థ రెరాకు వెళ్లొచ్చని చాలామంది అనుకుంటున్నారు. సొంతింటి మరమ్మతు దాని పరిధిలోకి రాదు. వెళ్లాల్సింది జిల్లా వినియోగదారుల కమిషన్‌కు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇంటి నిర్మాణాన్ని సేవల్లో పేరుపెట్టి చేర్చింది. చెల్లించింది 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, మీరుండే జిల్లాలోనే వేయొచ్చు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి సలహా తీసుకోవచ్చు. అయితే రోజుకూలీకి పెట్టుకుని మీరే దగ్గరుండి చేయించుకున్న పనికి ఈ దారి దొరకడం కష్టం. ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు. ‘కోతలయ్యాక వస్తా’, ‘సంక్రాంతి వెళ్లాక చూద్దాం’ అన్న మాటలతో ఆ గడువు పెరగదు.

గ్రామ, వార్డు సచివాలయాల్లో ఒక పేజీ ఒప్పంద పత్రం నమూనా తెలుగులో అందుబాటులో ఉంచాలని అధికారులను కోరుతున్నాం. సిమెంటు, ఇసుక పాళ్లు, ఇసుక ఏ ర్యాంపు (ఇసుక తీసే రేవు)ది, నీళ్లు ఎవరివి, క్యూరింగ్ ఎవరిది, టైల్స్‌కు ఏం వాడతారు అన్నవి అందులో ఉండాలి. ఆఖరి 10 శాతం డబ్బు ఒక వానాకాలం దాటాకే ఇస్తామన్న షరతు కూడా అందులో అచ్చయి ఉంటే, అడగడానికి మొహమాటపడే ఇంటివాళ్లకు ఆ కాగితమే ఆసరా అవుతుంది.

— విశ్రాంత సివిల్ ఇంజినీర్లు కొందరు, పాలకొల్లు