హైదరాబాద్ బాలానగర్‌లోని మా మెషీన్ షాపు షెడ్డు గురించి మా కస్టమర్లకు

అందరికీ నమస్కారం.

"షాపు ఖాళీ చేస్తున్నారటగా, మా పార్టుల పని ఇంకెవరికైనా ఇచ్చుకోమంటారా?" అని ఈ మధ్య చాలామంది ఫోన్ చేస్తున్నారు. ఖాళీ చేయడం లేదు. లేత్‌లు, కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషీన్లు అన్నీ ఇక్కడే నడుస్తున్నాయి. కాకపోతే షెడ్డు అద్దెది. ఓనరు గారు ఇదివరకులా ఐదేళ్లకు అగ్రిమెంట్ రాయనంటున్నారు, పదకొండు నెలలకే అన్నారు. అద్దె కూడా పెంచారు. అందుకని వచ్చే నెల నుంచి టర్నింగ్, మిల్లింగ్ (లోహాన్ని చెక్కి పార్టులు చేసే పని) రేట్లు కొంచెం పెంచక తప్పడం లేదు. ఇప్పటికే ఇచ్చిన ఆర్డర్లకు పాత రేటే.

ఓనరు గారి మీద నాకు కోపం లేదు. 2025 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన పాలసీ ప్రకారం బాలానగర్, జీడిమెట్ల, సనత్‌నగర్, కాటేదాన్ లాంటి 22 పారిశ్రామికవాడల్లో, సుమారు 9,292 ఎకరాల్లో, ఫీజు కడితే స్థలాన్ని ఇళ్లకూ ఆఫీసులకూ మార్చుకోవచ్చు. ముందున్న రోడ్డు వెడల్పును బట్టి ఆ ఫీజు రిజిస్ట్రేషన్ విలువలో 30 శాతం లేదా 50 శాతం. అపార్ట్‌మెంట్ కడితే వచ్చే డబ్బు ముందు మేమిచ్చే అద్దె ఎంత? మార్చాలా వద్దా అన్నది స్థలం ఉన్నవాళ్ల ఇష్టం. మెషీన్లు మాత్రమే ఉన్న మాలాంటి వాళ్ల చేతిలో ఏమీ లేదు.

పొగ, రసాయనాలు వదిలే ఫ్యాక్టరీలు ఔటర్ రింగ్ రోడ్డు బయటికి పోవాలన్నది ఈ పాలసీ ఉద్దేశం. దానికి నేనూ ఒప్పుకుంటాను. ఇళ్ల మధ్య అవి ఉండకూడదు. కానీ మెషీన్ షాపును కూడా అదే గాటన కట్టేయడం న్యాయం కాదు.

మొన్న జీడిమెట్ల నుంచి ఒక ఫార్మా కంపెనీ మెయింటెనెన్స్ ఇంజనీరు విరిగిన పంపు షాఫ్ట్ పట్టుకుని సాయంత్రం వచ్చారు. వాళ్ల ప్రొడక్షన్ లైను ఆగిపోయింది, మనిషి బాగా టెన్షన్‌లో ఉన్నాడు. ఎదురు షాపులో ఈఎన్ 24 అనే గట్టి రకం స్టీలు రాడ్డు కోయించాం. రాత్రి మా దగ్గర టర్నింగ్ అయింది. మర్నాడు పొద్దున్నే పక్క సందులో కీవే (షాఫ్ట్‌లో కీ కూర్చునే గాడి) కొట్టించి, గట్టిపడేందుకు హీట్ ట్రీట్‌మెంట్‌కు పంపాం. అక్కణ్ణుంచి నేరుగా గ్రైండింగ్‌కు. బేరింగ్ కూర్చునే చోట మైక్రాన్లలో సైజు సరిచూసి, ఆ సాయంత్రమే ఇచ్చేశాం. ఇన్ని చేతులు మారినా షాఫ్ట్ బాలానగర్ దాటలేదు. మమ్మల్నొక దిక్కుకు, గ్రైండింగ్ వాళ్లనొక దిక్కుకు పంపేస్తే ఇదే పనికి వారం పడుతుంది. పైగా మా కుర్రాళ్లలో కొందరు ఇక్కడి సీఐటీడీలో (టూల్ డిజైన్ నేర్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ) నేర్చుకున్నవాళ్లు. ఊరవతలికి వెళ్తే ఎంతమంది మాతో వస్తారో చెప్పలేను.

నగరం తలుచుకుంటే దారి ఉంది. ప్రతి పారిశ్రామికవాడలో కొంత భాగాన్ని వర్క్‌షాపులకే ఉంచి, ఎన్నాళ్లయినా మార్చడానికి వీల్లేదని రాసిపెట్టాలి. సింగపూర్‌లో అరవయ్యో దశకం నుంచే అంతస్తుల ఫ్యాక్టరీలు కట్టి చిన్న పరిశ్రమలకు అద్దెకిస్తున్నారు. బరువు మెషీన్లు కింద, అసెంబ్లీ లాంటి తేలిక పని పైన. మార్పిడి ఫీజుగా వచ్చే డబ్బులో కొంత పెట్టి అలాంటివి ఇక్కడే కట్టొచ్చు. పదేళ్ల లీజు చేతిలో ఉంటే బ్యాంకుకు వెళ్లి కొత్త మెషీనుకు లోను అడగగలను. పదకొండు నెలల కాగితంతో ఆ ధైర్యం ఎక్కడిది?

మీతో రెండు మాటలు. బిల్లులు 45 రోజుల లోపు ఇప్పించండి. చిన్న పరిశ్రమల కోసం 2006లో వచ్చిన చట్టంలో ఉన్న గడువే అది. అద్దె పెరిగాక ఆలస్యాన్ని తట్టుకోవడం మాకు కష్టంగా ఉంది. రెండోది, ఇక్కడి వర్క్‌షాపుల వాళ్లమంతా కలిసి ప్రభుత్వానికి వినతిపత్రం ఇస్తున్నాం. మీ ఫ్యాక్టరీకి ఏయే పార్టులు బాలానగర్ నుంచి వస్తాయో, ఎంత త్వరగా వస్తాయో మీ లెటర్‌హెడ్ మీద నాలుగు ముక్కలు రాసివ్వండి. డ్రాయింగు ఇవ్వడానికి వచ్చినప్పుడు తెచ్చినా సరే, డెలివరీకి వచ్చే మా అబ్బాయి చేతికిచ్చినా సరే.