తడిగా కనిపించే రోడ్డు

సంపాదకులకు,

అమెరికాలో మన విద్యార్థులు కారు ప్రమాదాలకు గురైనప్పుడు ‘మంచు వల్ల కారు అదుపు తప్పింది’ అన్న ఒక్క ముక్కతో వార్త ముగిసిపోవడం పరిపాటి అయింది. ఎనిమిదేళ్లు మిషిగన్ రాష్ట్రంలోని డెట్రాయిట్ దగ్గర, ఆ తర్వాత టెక్సస్‌లోని డాలస్ శివార్లలో కారు నడుపుతూ వచ్చినవాడిగా ఆ ఒక్క ముక్క సరిపోదని నా అభిప్రాయం.

మిషిగన్‌లో మంచు తెల్లగా కళ్లెదుటే పేరుకుంటుంది కనుక ఎవరైనా తమంతట తామే వేగం తగ్గిస్తారు. టెక్సస్‌లో కురిసేది తరచూ ఫ్రీజింగ్ రెయిన్, అంటే నేలను తాకగానే గడ్డకట్టే వాన. అది రోడ్డుకు పారదర్శకమైన పొరలా అంటుకుని, కింది తారు నలుపే పైకి కనబడుతుంది కాబట్టి దాన్ని బ్లాక్ ఐస్ అంటారు. చూసేవారికి మాత్రం వాన వెలిసిన రోడ్డులాగే ఉంటుంది. 2021 ఫిబ్రవరి 11న తెల్లవారుజామున డాలస్ పక్కనున్న ఫోర్ట్‌వర్త్‌లో ఇంటర్‌స్టేట్ 35డబ్ల్యూ హైవే మీద 130కి పైగా వాహనాలు ఒకదానిపై ఒకటి ఎక్కి ఆరుగురు చనిపోవడానికి దారితీసింది ఇటువంటి పొరే.

మామూలు రోడ్డుకు కింద నేల వెచ్చదనం కొంత ఆసరాగా ఉంటుంది. వంతెనకు పైనా కిందా చలిగాలే కనుక అదే ముందు గడ్డకడుతుంది. ఒక జనవరి ఉదయం డ్యాష్‌బోర్డు 33 డిగ్రీల ఫారన్‌హీట్ చూపుతుంటే, గడ్డకట్టడానికి ఇంకా ఒక డిగ్రీ ఉందిలే అన్న ధీమాతో ఫ్లైఓవర్ ఎక్కాను. ఉన్నట్టుండి టైర్ల చప్పుడు ఆగిపోయి, స్టీరింగు చేతిలో దూదిలా తేలిపోయింది. బ్రేకు మీదికి పోబోయిన కాలిని బలవంతాన ఆపుకుని, యాక్సిలరేటర్ వదిలి, వెళ్లవలసిన వైపే చూస్తూ స్టీరింగును కొద్దికొద్దిగా తిప్పాను. పక్క గోడకు మూరెడు దూరంలో కారు దారికొచ్చింది. సీటులోని క్యారేజీ బోర్లాపడి సాంబారు నేలపాలైంది, అంతే.

ఫోర్ వీల్ డ్రైవ్, అంటే నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే ఏర్పాటు, ఉందన్న ధైర్యం పనికిరాదు. అది కారు కదలడానికి సాయపడుతుంది తప్ప ఆగడానికి కాదు. మామూలు టైర్ల రబ్బరు 7 డిగ్రీల సెల్సియస్ కంటే చలి పెరిగితే బిరుసెక్కుతుంది. కెనడాలోని క్యూబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు చలికాలపు టైర్లు తప్పనిసరి చేసింది ఊరికే కాదు. మన పిల్లలు కొనేవేమో అరిగిన టైర్ల పాత కార్లు. పైగా ముందు కారుకు ఆనుకుని నడపడం మనకు హైదరాబాద్‌లోనే అలవాటైంది. ఐస్ మీద ఆగడానికి పొడి రోడ్డు కంటే పది రెట్ల దూరం కూడా పట్టవచ్చు.

వీసా ఇంటర్వ్యూకు నెలల తరబడి శిక్షణ ఇచ్చే కన్సల్టెన్సీలు ఈ సంగతులకు ఒక గంట కేటాయించాలి. తల్లిదండ్రులు కూడా రోడ్లు గడ్డకట్టిన రోజున డ్యూటీ ఎందుకు మానేశావని పిల్లలను అడగవద్దు. ఇకపై ప్రమాద వార్త రాసేటప్పుడు అది వంతెనా, కురిసింది మంచా వానా, టైర్లు ఎలా ఉన్నాయి అన్న వివరాలు సైతం సేకరించి ప్రచురించవలసిందిగా మీ విలేకరులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఫ్రిస్కో, టెక్సస్