ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి: ముందు బీరువా తాళాలు తీయించండి

మంత్రి గారికి నమస్కారం.

యూనివర్సిటీ పిల్లలు పుస్తకం ముట్టడం లేదని ప్రతి సభలోనూ అంటున్నారు. ముట్టుకోనిస్తే కదండీ! మా లైబ్రరీలో నవలలన్నీ అద్దాల బీరువాలో ఉంటాయి, దానికి తాళం, తాళంచెవి ఉన్నాయన సీట్లో ఉండడు. బతిమాలి తీయించుకుంటే, తేదీలు వేయడానికి చివర అంటించిన చీటీ మీద ఒక్క ముద్ర కూడా ఉండదు. అది చూసి మాకు ఆసక్తి లేదని తేల్చేస్తారు.

నిజానికి మేం పొద్దస్తమానం చదువుతూనే ఉంటాం. ఫోన్లో వారం వారం వచ్చే కథలు, సీనియర్ల నోట్సు, పాత క్వశ్చన్ పేపర్లు, ఎవరో స్కాన్ చేసి గ్రూపులో పడేసిన పీడీఎఫ్‌లు (పేజీ వంకరగా, మూలన ఎవరిదో బొటనవేలుతో సహా). ఇందులో ఇష్టంగా చదివేది ఎంత, పరీక్షల టెన్షన్‌తో చదివేది ఎంత అని అడగండి, అప్పుడు మాట్లాడుకుందాం.

ఇక ఈ-లైబ్రరీ. వద్దనడం లేదు, అర్ధరాత్రి కూడా పుస్తకం దొరుకుతుంది, చూపు తక్కువున్నవాళ్లు అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు. కానీ దాన్ని చూపించి అచ్చు పుస్తకాల బడ్జెట్‌కి కోత పెట్టకండి. 54 అధ్యయనాల్లోని లక్షా డెబ్బై వేల మందికి పైగా పాఠకుల ఫలితాలను కలిపి చూసిన పరిశోధన 2018లో వచ్చింది. సమాచారం ఉండే పాఠాలు స్క్రీన్ మీద కంటే కాగితం మీదే బాగా అర్థమయ్యాయి, టైమ్ లిమిట్ పెట్టి చదివిస్తే ఆ తేడా ఇంకా పెరిగింది, కథల దగ్గర మాత్రం తేడా కనబడలేదు. అంటే నవల ఫోన్లో చదివినా పెద్దగా పోయేదేం లేదు, కాగితం మీద కావాల్సింది టెక్స్ట్‌బుక్కే. మా దగ్గర అంతా తలకిందులు: నవలేమో బీరువాలో, టెక్స్ట్‌బుక్కేమో పీడీఎఫ్‌లో!

పుస్తకాలున్నది వాడుకోవడానికే అని మన దేశ గ్రంథాలయ శాస్త్ర పితామహుడు ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లోనే లైబ్రరీలకు మొదటి సూత్రంగా రాశారు. లైబ్రరీ సైన్స్ క్లాసుల్లో ఇప్పటికీ దాన్ని చెబుతారు, మా బీరువా దాకా రావడానికే ఇంకా టైమ్ పట్టేలా ఉంది.

పఠన వారోత్సవాలు, బ్యానర్లు తర్వాత చూద్దాం. క్లాసులు అయ్యే టైముకే లైబ్రరీ మూసేయకుండా రాత్రి దాకా తెరిచి ఉంచమనండి, ర్యాకుల్లోకి మమ్మల్ని వెళ్లనివ్వమనండి, టెక్స్ట్‌బుక్కుల కాపీలు పెంచమనండి. కొనే పుస్తకాల లిస్టు ఖరారు చేసేముందు మమ్మల్నీ ఒక మాట అడగమని ఆర్డర్ ఇవ్వండి, చాలు.

ఇట్లు,
ఒక పీజీ విద్యార్థి